మామను లోపలికి పిలిచిన కోడలు

సబియా గురించి మా సందులో ఎవరినడిగినా "మనిషి మంచిదే, తెలివి తక్కువ" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మొగుడు పోయాక మామను, బిడ్డను, కొట్టును ఒక్కతే మోసుకొచ్చిన మనిషికి తెలివి తక్కువా? ఆమెకు తెలివి ఉంది. మామ ఇచ్చిన ఇల్లు దక్కించుకోవడానికి కోర్టులో ఏం చెప్పాలో కూడా తెలుసు. దగ్గర కూర్చుని నేర్పించింది నేనే కదా. తెలిసి తెలిసి ఎందుకు చెప్పలేదో తెలియాలంటే ఆమె సంగతి కాస్త మొదటినుంచీ వినాలి.

నా పేరు పంకజాక్షి. తిరుచానూరు పోయే రోడ్డు వెనకసందులో నేనూ మా ఆయన మునిశేఖరూ టిఫిను కొట్టు నడుపుతున్నాం. పొద్దున దోసెల పెనం దించేశాక నాకు సాయంత్రం దాకా తీరికే. ఆ తీరికంతా పక్కింటి గోడ దగ్గరే గడిచేది. గోడకు అవతల లాల్ బాషా చిన్నాయన ఇల్లు. చిన్నాయన అంటే రక్తసంబంధం కాదు. మా నాయనా ఆయనా ఒకే బడిలో కూర్చున్నవాళ్లు, ఆ వరసన పిలిచేదాన్ని.

ఆయన పరుపులు కుట్టేవాడు. ఇప్పుడంటే అందరూ స్పాంజి పరుపులు తెస్తున్నారు గానీ, ఒకప్పుడు తిరుచానూరు లాడ్జీల్లో సగం పరుపులు ఆయన చేతివే. ముందుగది కొట్టు, వెనక రెండు గదులు, ఒక వసారా. ఉన్న ఆస్తి అదే. భార్య ఎప్పుడో పోయింది. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఇలియాస్ నాయన పక్కనే దబ్బనం పట్టుకుని కూర్చున్నాడు. చిన్నవాడు ఆఫ్తాబ్ చదువుకుని, సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం చూసుకుని, పెళ్లాం పిల్లలతో అక్కడే ఉండిపోయాడు.

సబియా ఇలియాస్ భార్య. చిత్తూరు పిల్ల. వాళ్ల నాన్న ఊరూరా తిరిగి గాజులు అమ్మేవాడు. కొత్తకోడలుగా వచ్చినప్పుడు తెలుగు అక్షరం రాదు, మాట మాత్రం సగం అరవం కలిపి గలగలా మాట్లాడేది. బూరుగుదూది విడదీయడం, పరుపుకు కుచ్చులు బిగించడం మామ దగ్గరే నేర్చుకుంది. తుమ్ములు ఆగేవి కావు. "దూదికి నేనంటే కోపం అక్కా" అని నవ్వేది. నౌరీన్ పుట్టింది. ఇల్లు బాగానే జరిగింది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఇలియాస్ పోయాడు. ఆ రోజుల సంగతి నేను చెప్పను. మా సందులో ఎవరూ చెప్పుకోరు. చిత్తూరు నుంచి అన్నదమ్ములు వచ్చి, బిడ్డను తీసుకుని వచ్చేయమన్నారు. "మామకు వండిపెట్టేదెవరు?" అంది సబియా. వాళ్లు రెండోసారి అడగలేదు. అడిగితే వచ్చేస్తుందేమోనన్న భయం వాళ్లకూ ఉందని నా అనుమానం.

కొడుకు పోయిన దుఃఖంలో కూడా లాల్ బాషా చిన్నాయనను ఇంకో దిగులు తినేస్తూ ఉండేది. ఒకరోజు గోడ దగ్గరికొచ్చి చెప్పాడు.

"పంకజా, మా మతం చట్టంలో ఒక మెలిక ఉండాది మే. తండ్రి బతికుండంగా కొడుకు పోతే, ఆ కొడుకు బిడ్డలకు తాత ఆస్తిలో ఏం రాదు. ఇంకో కొడుకుండాడంటే అంతా వానికే పోతాది."

"ఇదేం న్యాయం చిన్నాయనా?" అన్నాను నేను.

"న్యాయం కాదని నువ్వనొద్దు. తాత బతికుండంగానే చూసుకుని ఇచ్చుకోమని మాకే వదిలిపెట్టినారు. ఇయ్యకుండా సచ్చిపోతే తప్పు నాది."

అలా బతికుండగా ఇచ్చేయడాన్ని వాళ్లు హిబా అంటారట. దానికి కాగితం అక్కర్లేదట. ఇచ్చానని పెద్దాయన చెప్పాలి, తీసుకున్నానని అవతలివాళ్లు చెప్పాలి, ఆ వస్తువు వాళ్ల చేతికి పూర్తిగా వెళ్లిపోవాలి. మూడూ జరిగితే చెల్లుతుంది. రిజిస్ట్రారాఫీసుకు పోయి రాయించుకోవచ్చు కదా అన్నాను. "ఆడికి పోతే ఆఫ్తాబుకు తెలిసిపోతాది, అన్నం తినే చోట కొట్లాట ఎందుకు, నోటిమాట చాలు" అన్నాడు. మసీదులో హజరత్‌ను అడిగి, ఎలా చెయ్యాలో తెలుసుకుని వచ్చాడు.

శుక్రవారం నమాజు అయ్యాక చేశాడు. సాక్షిగా దూది ఏకే చిన్నబ్బను పిలిచాడు. గోడ పక్కన నేనున్నాను. తన మంచం, ట్రంకుపెట్టె, నమాజు చాప అన్నీ బయట అరుగు మీద పెట్టించాడు. తనూ బయటికొచ్చాడు. తలుపుకు తాళం వేసి, తాళంచెవి సబియా చేతిలో పెట్టాడు.

"ఈ ఇల్లు, కొట్టు, నీకూ నౌరీన్‌కూ ఇచ్చేసినాను. ఇంక దీంతో నాకు సంబంధం లేదు. తీసుకున్నానని చెప్పు బిడ్డా."

సబియా కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఆయన కసిరాడు.

"తీసుకున్నాను మామా" అంది.

ఇక ఆయన చిత్తూరులో ఒక వరస చెల్లెలింటికి వెళ్లి కొన్నాళ్లు ఉండి రావాలి. ఇల్లు నిజంగానే వదిలేశాడని నలుగురికీ తెలియాలి. హజరత్ అలా చెప్పాడట. ఆటో కోసం చిన్నబ్బ వెళ్లాడు. ఆటో ఎంతకీ రాలేదు. సన్నగా చినుకులు మొదలయ్యాయి. వీధిలో తన మంచం మీద తానే చుట్టంలాగా కూర్చున్నాడు ఆ పెద్దాయన. దగ్గుతున్నాడు. ఆయన కట్టిన ఇల్లు, ఆయన వేసిన తలుపు, లోపలికి వెళ్లడానికి లేదు.

సబియా ఎంతసేపు ఓర్చుకుందో నాకు తెలియదు. ఉన్నట్టుండి వచ్చి ఆయన చెయ్యి పట్టి లేపింది. తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"ఇల్లు మీదే మామా. మీరు బయట కూర్చోనుంటే నాకు అన్నం దిగదు. లోపలికి రండి."

"అట్ల కాదు బిడ్డా, హజరత్ చెప్పినాడు…"

"హజరత్ వానలో కూర్చుంటాడా?" అంది.

ఆయన నవ్వాడు. కొడుకు పోయాక ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. చిన్నబ్బ ఆటో తీసుకొచ్చి, ఆటోవాడితో తిట్లు తిని, మంచం లోపలికి మోశాడు. నేను ఉప్మా చేసి పంపాను. అందరం సంతోషపడ్డాం. ఇచ్చింది ఇచ్చినట్టే, ఉండేవాడు ఉన్నట్టే, ఇంతకంటే ఏం కావాలనుకున్నాం.

ఆ తాళంచెవి ఆ రోజు నుంచి ఆయన నడుముకే ఉంది. ఇంటిపన్ను ఆయన పేరుతోనే కట్టాడు. వీలునామా ఒకటి రాయకూడదా చిన్నాయనా అని నేను రెండు మూడుసార్లు పోరాను. ఆయన నా మాట తీసిపారేశాడు.

"ఇచ్చేసినదాన్ని మళ్లా ఏం రాస్తారు పంకజా?"

ఆ తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. ఆఫ్తాబ్ అప్పుడప్పుడూ ఆదివారాలు వచ్చి, యాపిల్ పండ్లు పెట్టి, నాయన పక్కన కాసేపు కూర్చుని, రైలుకు టైమవుతోందని లేచేవాడు. చెడ్డవాడు కాదు. పక్కలు మార్చింది, పుళ్లు పడకుండా తుడిచింది, ముద్దలు కలిపి పెట్టింది సబియా. ఒక తెల్లవారుజామున ఆ పెద్దాయన పోయాడు. పోయేటప్పుడు మనసులో దిగులు లేకుండా పోయాడు. దిగులంతా బతికినవాళ్లకు వదిలిపెట్టాడు.

మా సబియాకు, నాకు ఆఫీసుల పరిచయం అప్పుడు మొదలైంది. చావు సర్టిఫికెట్టు సులువుగానే వచ్చింది. చచ్చిపోయినట్టు చెప్పడానికి ప్రభుత్వానికి ఇబ్బంది లేదు. ఇంటిపన్ను పేరు మార్పించాలంటే మాత్రం కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు కావాలన్నారు. చచ్చిపోయినాయనకు వారసులెవరో అందులో రాసి ఇస్తారట. వార్డు సచివాలయంలో అర్జీ పెట్టాం. ఒకరోజు సర్వర్ లేదు. ఇంకోరోజు సంతకం పెట్టే ఆయన కొండమీద డ్యూటీలో ఉన్నాడు. మరోసారి వెళితే మా అర్జీ చూసే అమ్మాయికి బదిలీ అయిపోయింది, కొత్తగా వచ్చిన పిల్ల మళ్లీ మొదటినుంచీ చెప్పమంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు చూడండి, మా పూజారులు రోజుకొకరు మారారు. సబియా బురఖాలో చెమటలు కక్కుతూ బెంచీ మీద కూర్చునేది. కొట్లో కుట్టాల్సిన పని అలాగే ఉండిపోయేది.

చివరికి వీఆర్వో విచారణకు వచ్చాడు. అరుగు మీద కూర్చుని నా చేతి కాఫీ తాగి, అందరి పేర్లూ అడిగి రాసుకున్నాడు. సర్టిఫికెట్టు వచ్చిన రోజు సబియా నా చేతికిచ్చింది, చదవమని. నేను చదివి, మళ్లీ చదివాను. అందులో ఆఫ్తాబ్ పేరొక్కటే ఉంది.

"నా పేరు లేకపోతే పోనీ, నౌరీన్ పేరు కూడా లేదా అక్కా?" అంది.

"లేదే" అన్నాను.

వీఆర్వో దగ్గరికి పరిగెత్తాను. నా నోరు మీకు తెలియదు, ఆయనకు ఆ రోజు తెలిసింది. ఆయన నిదానంగానే చెప్పాడు. "నన్ను తిడితే ఏం లాభం మా? వాళ్ల చట్టం ప్రకారం వారసుడు ఎవరో వాళ్లనే రాసేది. కొడుకు బతికుండాడు కాబట్టి మనమరాలికి రాదు. ముసలాయన ఈమెకు ఇచ్చేసినాడంటే అది కోర్టులో తేల్చుకోవల్ల, నా దగ్గర కాదు." ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు. తప్పు లేనివాణ్ణి తిట్టి రావాల్సి వచ్చినందుకు నాకింకా కోపమొచ్చింది.

ఆఫ్తాబుకు ఫోను చేశాం. "భాభీ, అబ్బా నీకు ఇచ్చినట్టు నాకెప్పుడూ చెప్పలేదు" అన్నాడు. "ఇచ్చుంటే నేను కాదనను. ఇచ్చినట్టు తేలనీ." కోర్టులో తేల్చుకోవడం తప్ప మాకు దారి లేకపోయింది.

విజయ్ కుమార్ అనే లాయరు దగ్గరికి తీసుకెళ్లాను. మా కొట్లో ఇడ్లీ తినే మనిషి, మర్యాదస్తుడు. సబియా జరిగింది జరిగినట్టు మొత్తం చెప్పింది. మంచం బయట పెట్టడం, తాళంచెవి ఇవ్వడం, చినుకులు, మళ్లీ లోపలికి పిలవడం. "ఇల్లు మీదే మామా" అన్నమాట దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లద్దాలు తీసి టేబులు మీద పెట్టాడు.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పినావా అమ్మా?"

"ఎవురూ అడగలేదు సార్."

"ఇంకమీద అడిగినా చెప్పొద్దు. సూడు, హిబాలో ఇచ్చినాను, తీసుకున్నాను అనే మాటలకు అడ్డం లేదు. ఇల్లు నీ చేతికొచ్చిందా లేదా, అదే కేసు. ఇచ్చినాయన మళ్లా అదే ఇంట్లో ఉండొచ్చు, దానికేం ఇబ్బంది లేదు. అయితే నీ ఇంట్లో, నీ ఇష్టప్రకారం ఉండినాడని ఉండాల. తాళం నీ దగ్గరుండాల. నువ్వేమో తాళం ఆయన చేతికే ఇచ్చి, ఇల్లు మీదే అనేస్తివి. అప్పుడు ఇంక ఆయన ఇచ్చినట్టు యాడుండాది?"

"అది మర్యాదకు అన్నాను సార్" అంది సబియా.

"కోర్టుకు మర్యాద తెలీదమ్మా" అన్నాడాయన. ఎగతాళిగా అనలేదు, బాధగానే అన్నాడు. "తాళం నా దగ్గరే ఉండింది, మామ నా ఇంట్లో ఉండినాడు. ఈ రెండు ముక్కలే చెప్పు."

"చెప్తాది సార్, నేను చెప్పిస్తాను" అన్నాను నేను.

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. తండ్రి లేని పిల్లకు తలదాచుకునే నీడ కోసం రెండు అబద్ధాలు ఆడితే ఏ దేవుడూ పట్టించుకోడని నా నమ్మకం, ఇప్పటికీ అదే నమ్మకం. చిన్నబ్బ కోర్టంటేనే వణికిపోయి "నాకొద్దు మే, నన్ను వదిలేయండి" అన్నాడు. కాబట్టి మిగిలిన సాక్షిని నేనే. నా భాగం నేను నోటికి పట్టేశాను. మధ్యాహ్నాలు సబియా దిండ్లు కుడుతుంటే, నేను అవతలి లాయరులాగా ఎదురుగా కూర్చునేదాన్ని.

"తాళం ఎవరి దగ్గరుండె?"

"నా దగ్గర."

"మీ మామ ఎవరింట్లో ఉండె?"

ఇక్కడికొచ్చేసరికి దబ్బనం ఆగిపోయేది. "ఆయన ఇంట్లోనే కదక్కా నేనుండినది" అనేది. నేను అరిచేదాన్ని. నౌరీన్ పుస్తకాలు ముందేసుకుని అంతా వింటూ ఉండేది. చాలాసార్లు ఆ పిల్లే తల్లికి జవాబు అందించేది. "నా ఇంట్లో ఉండె అని చెప్పమ్మీ." అలా అలా సబియాకు కూడా మాట పట్టుబడింది. తడుముకోకుండా చెప్పసాగింది. నాకు ధైర్యం వచ్చింది.

వాయిదాల గురించి చెబితే మీరు ఈ కథ పక్కన పడేస్తారు. కేసు మొదలైనప్పుడు నౌరీన్‌కు జడకుచ్చులు నేనే కట్టేదాన్ని. సబియాను బోనెక్కించే నాటికి ఆ పిల్ల నా భుజం దాటి ఎదిగింది. ఆ రోజు కొట్టు మూసేసి ముగ్గురం కోర్టుకెళ్లాం. నేను సాక్షిని కాబట్టి లోపల కూర్చోకూడదన్నారు. నేను ఊరుకుంటానా? బయట వరండాలో కిటికీ పక్కన చోటు చూసుకుని నిలబడ్డాను. నౌరీన్‌ను కూడా నా పక్కనే నిలబెట్టుకున్నాను. లోపల వెనకబెంచీలో ఆఫ్తాబ్ తల దించుకుని కూర్చున్నాడు.

మొదట మన లాయరు అడిగినవాటికి సబియా చక్కగా చెప్పింది. తర్వాత ఆఫ్తాబ్ లాయరు లేచాడు. సబియా తాళంచెవి తిరిగి ఇచ్చేసిన సంగతి ఆయనకు తెలియదు. ఆమెను నలుగురిలో చిన్నబుచ్చి కంగారు పెట్టాలన్నదే ఆయన ఎత్తు.

"ఇల్లిచ్చినాక తాళంచెవి ఎవరి దగ్గరుండె అమ్మా?"

"నా దగ్గరుండె."

"అంటే ఇంటికి నువ్వే పెద్ద. మీ మామ లోపలికి రావాలన్నా, బయటికి పోవాలన్నా నీ చేతిలోనే ఉండాది."

సబియా బోను కమ్మీ పట్టుకుంది.

"చెప్పమ్మా. ముసలాయన, అందులోనూ రోగిష్టి మనిషి. నువ్వు మంచం ఏస్తే ఏసినట్టు, లేకుంటే లేదు. తన చేతుల్తో కట్టుకున్న ఇంట్లో, కోడలి దయమీద, పరాయివాడి మాదిరి పడుండి సచ్చిపోయినాడు. అంతేనా?"

నేను కిటికీ ఊచలు పట్టుకుని "ఊ అను, ఊ అను" అని గొణుగుతున్నాను. ఒక్క ఊ. అదంటే ఇల్లు వచ్చేస్తుంది. అవతలి లాయరే అరిటాకులో పెట్టి ఇస్తున్నాడు. మన విజయ్ కుమార్ ముఖం కూడా వెలిగింది.

సబియా వెనకబెంచీ వైపు చూసింది. మరిదిని చూసింది.

"కాదు సార్" అంది. "మా మామ ఆ ఇంటికి యజమానిగా బతికినాడు, యజమానిగానే పోయినాడు. తాళంచెవి ఆ పొద్దే ఆయన చేతిలో పెట్టేసినాను. ఇల్లు మీదే మామా అని చెప్పి పెట్టినాను. చచ్చిపోయినరోజు కూడా ఆయన నడుముకే ఉండాది. స్నానం చేపించేటప్పుడు మా మరిదే తీసినాడు, అడగండి. నేను ఆయన్ని ఒక్కరోజు కూడా పరాయివాన్ని చెయ్యలేదు."

అవతలి లాయరు నోరు తెరుచుకుని ఉండిపోయాడు, తర్వాత మెల్లగా మూసుకున్నాడు. "ఇంకేం అడిగేది లేదు సార్" అని జడ్జీకి చెప్పి కూర్చున్నాడు. జడ్జీగారు ఆమె చెప్పిందంతా ఒక్కో ముక్కా చెబుతుంటే పక్కనున్నాయన టైపు చేశాడు. విజయ్ కుమార్ బయటికొచ్చి నన్ను ఇంటికి వెళ్లమన్నాడు.

"నేను చెప్తాను సార్, నాకంతా నోటికొచ్చు" అన్నాను.

"మీరింకేం చెప్తారమ్మా, ఆమే చెప్పేసింది కదా" అన్నాడు. నేను కూడబెట్టుకున్న అబద్ధం నా నోట్లోనే ఉండిపోయింది.

కోర్టు ఆవరణలో సబియాను పట్టుకుని కడిగేశాను. "ఏమే, ఊ అంటే నీ సొమ్మేం పోయె? ఇన్నాళ్లు నీకు చిలక్కు చెప్పినట్టు చెప్పింది దేనికి?"

"తాళం నా దగ్గరుండె అని అబద్ధం చెప్పేస్తిని కదక్కా" అంది. "ఆయన దిక్కులేనోడి మాదిరి పడుండి సచ్చినాడంటే ఎట్ల ఊ అనేది? కిటికీలో నౌరీన్ ఉండాది. ఇంటి కోసరం తాతను అట్లా అనిపించిందే మా అమ్మీ అనుకోదా?"

నౌరీన్ మా ఇద్దరి మధ్యా నిలబడి వింటూ ఉంది.

ఆఫ్తాబ్ వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "భాభీ, మా అబ్బాను నువ్వు చూసుకున్నట్టు నేను చూసుకోలేదు. అది నాకు తెలుసు" అన్నాడు.

"తెలిస్తే ఇల్లు వదిలేయప్పా" అన్నాను నేను.

"నాకూ ఇద్దరు పిల్లలుండారక్కా" అన్నాడు. నిజమే, ఉన్నారు. అతన్ని తిట్టుకోవడానికి కూడా నాకు సరైన మాట దొరకలేదు.

ఎండలు తగ్గాక తీర్పు వచ్చింది. ఇల్లు ఇచ్చినవాడి స్వాధీనం నుంచి తీసుకున్నవాళ్ల స్వాధీనంలోకి వెళ్లలేదు, ఆ సంగతి ఆమే ఒప్పుకుంది, కాబట్టి ఆ దానం చెల్లదు. పై కోర్టుకు వెళదామా అని విజయ్ కుమార్ అడిగాడు. ఏం చెప్పి వెళతామో ఆయనకూ తెలియదు. సబియా వద్దంది. పిల్ల పరీక్షలు అయ్యేదాకా ఉండమని ఆఫ్తాబ్ చెప్పాడు. పరీక్షలు అయ్యాక ఖాళీ చేశారు. కేసు ఓడినప్పుడు గానీ, సామాను ఎత్తినప్పుడు గానీ సబియా ఏడవలేదు. దూదిమూటలు పెట్టుకునే చోటు కొత్త తావులో లేదని, ఉన్న దూదంతా అమ్మేసింది.

ఇప్పుడు వాళ్లు తిరుచానూరులో ఒక లాడ్జీ వెనక ఒంటిగదిలో ఉంటున్నారు. ఆ లాడ్జీకి దిండు గలేబులు, దుప్పట్లు కుట్టి ఇస్తుంది. పరుపులు కుట్టే పని లేదు. నేను వారానికొకసారి దోసెపిండి తీసుకుని వెళతాను. మా గోడ అవతల ఇప్పుడు ఎవరో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టారు. ఆ వైపు చూడబుద్ధి కాక మా ఆయన చేత గోడ ఎత్తు పెంచించేశాను.

మొన్న నేను వెళ్లినరోజు అమ్మవారి గుడి దగ్గర జనం విపరీతంగా ఉన్నారు. ఎండ మాడ్చేస్తోంది. ఎవరో ముసలమ్మ, ఏ ఊరిదో, తనవాళ్లు లాడ్జీలో గది మాట్లాడటానికి వెళ్లారేమో, చెప్పులు లేని కాళ్లతో వచ్చి వీళ్ల గడప ముందు నేలమీద కూలబడింది. కొంగుతో విసురుకుంటోంది. నీడ గడప లోపలే ఉంది, బయట లేదు.

సబియా కుడుతూనే తలెత్తి చూసింది. "పాపా, ఆ అవ్వను లోపలికి పిలువు. చెంబుడు నీళ్లియ్యి" అంది.

నౌరీన్ కదల్లేదు. పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు.

"పిలవను అమ్మీ" అంది.

"ఎందుకే?"

"నువ్వు ఒకర్ని లోపలికి పిలిస్తేనే కదా మనం ఈడికొచ్చినాం."

ఆ పిల్ల గొంతులో కోపం లేదు. లెక్కలో జవాబు చెప్పినట్టు చెప్పింది. సబియా కుట్టు పక్కన పెట్టి లేచింది. నీళ్ల చెంబు తీసుకుంది. గడప దాకా వెళ్లి నిలబడి, వెనక్కి తిరిగి కూతురి మొహం చూసింది. ఆ మొహంలో ఏం కనిపించిందో గానీ, అప్పుడు ఏడ్చింది. చెంబు బయట మెట్టు మీద పెట్టి, లోపలికొచ్చి, తలుపు దగ్గరికి వేసింది. ఆ ముసలమ్మను మేమెవరమూ లోపలికి పిలవలేదు.